పెద్ద పట్టికనుండి చిట్టీ తీయుట ఎట్లు?

ఒక ఉన్నత పాఠశాలలో 40 మంది విద్యార్థులున్న తరగతి కలదు. జిల్లా విజ్ఞాన ప్రదర్శనమునకు వారిలో ముగ్గురిని పంపవలెను. అందరును వెళ్లగోరువారే. ఉపాధ్యాయుడు 40 కాగితపు ముక్కలపై పేర్లు వ్రాసి, ఒకే తీరున మడిచి, కడవలో వేసి, బాగుగా కుదిపి, క్రింది తరగతి పిల్లవానిచేత మూడు చిట్టీలు తీయించును. ఎవరికిని ఆక్షేపణ యుండదు. పేరు రానివాడు తన అదృష్టమును నిందించుకొనునే గాని ఉపాధ్యాయుని నిందింపడు.

ఇప్పుడు ఆ కడవలో 40 చిట్టీలకు బదులు 10 లక్షల చిట్టీలున్నవనుకొందము. అవి కాగితముమీద గాక కంప్యూటరులోని ఒక పట్టికలో వరుసలుగా నున్నవి. ఎవరో ఒకరు తమ ఫోనులో వెబ్‌సైటు తెరచి, “నాకు పది వరుసలు యాదృచ్ఛికముగా ఎన్నుకొని యిమ్ము” అని అడుగుదురు. రెండు క్షణములలో జవాబు రావలెను. మరునిమిషమున మరొకరు అడుగుదురు. ప్రతి పర్యాయము 10 లక్షల చిట్టీలను కుదుపుటకు వ్యవధి లేదు. కుదుపకుండ తీసినచో న్యాయము జరుగునా? ఈ వ్యాసమున మనము విచారింపబోవు ప్రశ్న ఇదియే. ఇది ప్రోగ్రాములు వ్రాయువారి సొంత గొడవ వలె కనబడును. కాని మన నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతముల నీటికిని, పొలములకును దీనితో దగ్గర సంబంధము కలదు.

నల్లగొండ నేలక్రింద నున్న గ్రానైటు రాతినుండి ఫ్లోరైడు ఊటనీటిలో కరగి చేరుచున్నది. త్రాగునీటిలో లీటరునకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడు ఉండరాదని నిర్ణయము. అది మించిన నీటిని చిన్ననాటినుండి త్రాగినవారికి పండ్లపై గారలు పట్టును. ఇంకను హెచ్చైనచో ఎముకలు వంకరపోవును, కీళ్లు బిగిసిపోవును. పటికయు, సున్నమును కలిపి ఫ్లోరైడును విరిచివేయు పద్ధతిని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ 1970 తరువాతి దశకమున రూపొందించి, దానికి నల్లగొండ పద్ధతి యని పేరు పెట్టెను. ఒక జిల్లా పేరు ప్రపంచమందలి నీటిశుద్ధి గ్రంథములలోనికి ఎక్కిన విధమిది. గర్వింపదగిన కారణమున మాత్రము కాదు. 1996 లోక్‌సభ ఎన్నికలలో ఈ బాధను దేశమునకు తెలుపుటకై నల్లగొండ నియోజకవర్గము నుండి 480 మంది అభ్యర్థులు నిలిచిరి. ఓటు పత్రము ఒక పుస్తకమంత అయినది.

ఇట్టి ప్రాంతమున బావులన్నిటి నీటిని నెలనెలకు పరీక్షించుట సాధ్యము గాదు. కొన్నిటిని ఎన్నుకొని పరీక్షించి, వాని సగటునుబట్టి మిగిలినవాని సంగతి ఊహింపవలెను. అన్నము ఉడికినదో లేదో తెలిసికొనుటకు ఒక మెతుకు పట్టి చూచినట్లే. అయితే ఆ మెతుకు కుండ అడుగుననే ఎల్లప్పుడు తీయబడుచున్నచో, పైనున్నది ఉడికినదో లేదో తెలియదు. ఎన్నికలోని తప్పు సగటులోనికి నిశ్శబ్దముగా చొరబడును.

మహబూబ్‌నగర్ జిల్లాలో దీనికి మంచి నిదర్శనము కలదు. పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ అను అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ 1975లో మెట్టప్రాంతపు పల్లెల ఆర్థికస్థితిని అధ్యయనము చేయ దలచి, దేశమున ఆరు గ్రామములను ఎన్నుకొనెను. వానిలో రెండు ఆనాటి మహబూబ్‌నగర్ జిల్లాలోనివి: ఔరేపల్లి, డోకూరు. మిగిలిన నాలుగును మహారాష్ట్రములోని షోలాపూరు, అకోలా జిల్లాలలోనివి. ప్రతి గ్రామమున ముందు ఇండ్లన్నిటికిని జాబితా వ్రాసిరి. తరువాత వానిని నాలుగు తరగతులుగా విభజించిరి: అర ఎకరమునకు లోపుగా సాగుచేయుచు కూలిపై బ్రతుకువారు, చిన్న రైతులు, మధ్యతరగతి రైతులు, పెద్ద రైతులు. ఒక్కొక్క తరగతినుండి పదేసి కుటుంబములను యాదృచ్ఛికముగా తీసి, గ్రామమునకు 40 కుటుంబముల చొప్పున ఎన్నుకొనిరి. అటుపిమ్మట సుమారు పదేండ్లు ఆ కుటుంబముల పంట, పెట్టుబడి, కూలి, అప్పు, తిండి వివరములను వ్రాసికొనుచు వచ్చిరి. 2001 తరువాత ఆ పని మరల సాగినది. ఆ లెక్కలు నేడు కంప్యూటరు పట్టికలుగా ప్రపంచమంతట చదువబడుచున్నవి.

ఇక్కడ గమనింపవలసిన దొకటి కలదు. ఒక గ్రామమున కూలివారి ఇండ్లు 150, పెద్ద రైతుల ఇండ్లు 60 అనుకొందము. రెండిటినుండియు పదేసి తీసినచో కూలివాని ఇంటికి చిట్టీ వచ్చు సంభావ్యత 15లో 1, పెద్ద రైతునకు 6లో 1. అవకాశములు సమానము కావు. అయినను దోషము లేదు. ఏలయన, ఎవరికెంత అవకాశ మిచ్చితిమో మనకు తెలియును. గ్రామము మొత్తమునకు సగటు కట్టునప్పుడు కూలివాని లెక్కను 15 చేతను, పెద్ద రైతు లెక్కను 6 చేతను హెచ్చించినచో సరిపోవును. ఎన్నుకొనువానికే తెలియకుండ అవకాశము హెచ్చుతగ్గులగుట వేరు సంగతి. అది ఎట్లు జరుగునో ఇక చూతము.

కడవను కుదుపుట

మొదట కుదుపుట ఎంత కష్టమో తెలిసికొనుట మంచిది. 1969 డిసెంబరు 1వ తేదీన అమెరికాలో యువకులను సైన్యమునకు పిలుచు వరుసను చీట్లు తీసి నిర్ణయించిరి. సంవత్సరములోని 366 తేదీలను 366 ప్లాస్టిక్ గుళికలలో పెట్టి, నెలవారీగా పెట్టెలో పోసి, కలిపి, గాజుపాత్రలోనికి ఒంపి, ఒక్కొక్కటి తీసిరి. మొదట వచ్చిన తేదీన పుట్టినవారు మొదట యుద్ధమునకు పోవలెను. చక్కగా కలిసియున్నచో ఏ నెలకైనను వరుస సంఖ్యల సగటు 183 ప్రాంతమున నుండవలెను. జనవరి సగటు 201గాను, డిసెంబరు సగటు 121గాను వచ్చినవి. కడపట పోసిన గుళికలు పైననే నిలిచిపోయినవి. డిసెంబరులో పుట్టిన పిల్లలు వియత్నాముకు ముందుగా పిలువబడిరి. గుళికలు తీసిన చేతులలో కపటము లేదు. కలిపిన చేతులు త్వరపడినవి.

కంప్యూటరునకు ఈ చిక్కు లేదు. అది ప్రతి వరుసకు ఒక యాదృచ్ఛిక సంఖ్యను కేటాయించి, ఆ సంఖ్యల క్రమమున వరుసలన్నిటిని పేర్చి, పైనున్న పదింటిని ఇయ్యగలదు. మై ఎస్‌క్యూఎల్ అను పట్టిక యంత్రాంగములో దీనికి “ఆర్డర్ బై ర్యాండ్” అని ఒకే ముక్కలో ఆజ్ఞ వ్రాయవచ్చును. ఇది నిజముగా కడవను కుదుపుటయే. న్యాయమునకు లోటు లేదు. క్రొత్తగా ప్రోగ్రాములు నేర్చుకొనువారందరు మొదట వ్రాయునది ఇదియే.

ఖర్చు ఎంత? 10 లక్షల వరుసలకు 10 లక్షల సంఖ్యలు పుట్టింపవలెను. వానిని క్రమమున పేర్చుటకు ఒక్కొక్క వరుసను సుమారు 20 మారులు ఇతర వరుసలతో పోల్చవలసియుండును. ఏలయన 2ను 20 మారులు హెచ్చించినచో 10 లక్షలు దాటును. అనగా మొత్తము 2 కోట్ల పోలికలు. తెలివిగల యంత్రాంగము పైపది వరుసలను మాత్రమే చేతబట్టుకొని తక్కినవానిని వదలివేసి పోలికలను తగ్గించుకొనగలదు. అయినను పట్టికలోని ప్రతి వరుసను ఒక్కసారి తాకక తప్పదు. పది మెతుకులు పట్టుటకు కుండనంతను వంచవలసి వచ్చినదన్నమాట. వేయి వరుసల పట్టికకు ఈ పద్ధతియే వాడవచ్చును. ఎవ్వరికిని ఆలస్యము తెలియదు. పట్టిక పెరిగి, అడుగువారు పెరిగినప్పుడు మాత్రము యంత్రము చతికిలబడును.

రెండవ పద్ధతి: పట్టికలో ఎన్ని వరుసలున్నవో లెక్కించి, ఆ సంఖ్యకు లోపల ఒక యాదృచ్ఛిక సంఖ్యను తీసి, అన్ని వరుసలను దాటి, తరువాతి వరుసను తెచ్చుట. ఇదియు న్యాయమైనదే. పేర్చవలసిన పని తప్పినది. కాని “3,72,418 వరుసలను దాటుము” అనగా కంప్యూటరు వానిని ఒక్కొక్కటిగా లెక్కపెట్టుచు దాటును. సగటున 5 లక్షల వరుసలు. పది వరుసలు కావలెనన్నచో పది ప్రయాణములు.

మూడవ పద్ధతికి పోవుటకు ముందు సూచిక యను దానిని గూర్చి రెండు మాటలు చెప్పవలెను. నిఘంటువులో “మోదుగ” అను మాటను వెదకువాడు మొదటి పుటనుండి చదువడు. “మ” అక్షరమునకు పోవును. పుటల తలకట్టు మాటలను చూచును. ఆ పుటలో మాటను పట్టుకొనును. మూడు అడుగులలో పని ముగియును. కంప్యూటరు పట్టికకు కూడ వరుస సంఖ్యలతో ఇట్టి సూచిక నిర్మింపబడియుండును. ఒక్కొక్క మెట్టులో 200 కొమ్మలున్నవనుకొన్నచో మూడు మెట్లలో 200 × 200 × 200, అనగా 80 లక్షల వరుసలలో దేనినైనను అందుకొనవచ్చును. కావున వరుస సంఖ్య తెలిసినచో వరుసను తెచ్చుట లిప్తలో ముగియును. ఇంకేమి, 1 నుండి 10 లక్షల వరకు ఒక సంఖ్యను తీసి, ఆ సంఖ్య గల వరుసను తెచ్చినచో చాలును గదా!

చాలును, అన్ని సంఖ్యలును ఉన్నచో. ఉండవు.

ఖాళీలు తెచ్చిపెట్టు మోసము

బావుల పట్టికను ఊహించుకొందము. బావి త్రవ్వినప్పుడెల్ల దానికొక సంఖ్య వచ్చును. మెట్టనేలలో బోరు బావులు ఎండిపోవుట మనకు క్రొత్త గాదు; ఎండినదానిని పట్టికనుండి తీసివేయుదురు. ఆ సంఖ్య మరల ఎవరికిని ఇయ్యబడదు. 2016 అక్టోబరులో జిల్లాలు పునర్విభజింపబడినప్పుడు నల్లగొండనుండి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి విడివడినవి. మహబూబ్‌నగర్‌నుండి నాగర్‌కర్నూలు, వనపర్తి, జోగులాంబ గద్వాల విడివడినవి. ఔరేపల్లి యున్న మాడ్గుల మండలము రంగారెడ్డి జిల్లాకు పోయెను. ఇట్లు గ్రామములు ఒక పట్టికనుండి మరొకదానికి పోయినప్పుడు సంఖ్యలలో గుంపులు గుంపులుగా ఖాళీలు మిగులును.

తీసిన సంఖ్యకు వరుస లేనప్పుడు ఏమి చేయవలెను? పలువురు వ్రాయు ఆజ్ఞ ఇది: “ఆ సంఖ్యగాని, లేనిచో దానికి పైన మొదట దొరకు సంఖ్యగాని తెమ్ము.” ఎల్లప్పుడు ఏదో ఒక వరుస దొరకును. క్షణములో దొరకును. పది మారులు పరీక్షించినను పది విధములైన వరుసలు వచ్చును. చూచువారికి తప్పేమియు కనబడదు.

ఒక చిన్న ఊరిని తీసికొందము. 20 బావులు త్రవ్విరి. 6 నుండి 15 వరకు నున్న పది బావులు ఎండిపోయినవి. మిగిలినవి 1, 2, 3, 4, 5, 16, 17, 18, 19, 20. న్యాయముగా ఒక్కొక్క బావికి 10లో 1 చొప్పున అవకాశముండవలెను. పై ఆజ్ఞ ప్రకారము 1 నుండి 20 వరకు ఒక సంఖ్యను తీయుదము. 3 వచ్చినచో 3వ బావి. 18 వచ్చినచో 18వ బావి. 6 వచ్చినచో? 16వ బావి. 7 వచ్చినను 16. 8 నుండి 15 వరకు ఏది వచ్చినను 16. 16 వచ్చినను 16. అనగా 20 సంఖ్యలలో 11 సంఖ్యలు 16వ బావికే చేరినవి. దాని అవకాశము 20లో 11. తక్కిన తొమ్మిదింటికి ఒక్కొక్కదానికి 20లో 1. తన ముందున్న ఖాళీ ఎంత పెద్దదో, బావికి అంత పెద్ద పాలు దక్కినది. చచ్చిన పది బావుల ఓట్లను ప్రక్కనున్న ఒక్క బావి వేసికొన్నదనవచ్చును.

ఇప్పుడు నీటిని పరీక్షింతము. 16వ బావి చెరువు కట్ట క్రింద నున్నది, దానిలో ఫ్లోరైడు లీటరునకు 0.5 మిల్లీగ్రాములు, తక్కిన తొమ్మిదింటిలో 2 మిల్లీగ్రాముల చొప్పున నున్నదనుకొందము. పది బావుల నిజమైన సగటు: 18.5ను 10చే భాగించగా 1.85. హద్దు 1.5 గదా, కావున ఈ ఊరి నీరు చెడ్డది. మన ఆజ్ఞ ప్రకారము తీయుచు పోయినచో వచ్చు సగటు ఎంత? 20లో 9 వంతులు 2 మిల్లీగ్రాములు, 20లో 11 వంతులు 0.5 మిల్లీగ్రాములు: 0.9కి 0.275 చేర్చగా 1.175. హద్దుకు లోపలనే యున్నది! ఊరి నీరు మంచిదని కాగితముమీద వ్రాయబడును. తొమ్మిది బావుల నీరు త్రాగు పిల్లల పండ్లు మాత్రము ఆ కాగితమును చదువవు.

16వ బావిలో 4 మిల్లీగ్రాములు, తక్కినవానిలో 1 చొప్పున ఉన్నచో తప్పు ఎదురు దిక్కునకు పోవును. నిజమైన సగటు 1.3; తీసిన సగటు 2.65. విద్యార్థులు ఈ లెక్కను తామే చేసి చూడవచ్చును.

“ఖాళీలు ఎక్కడ బడితే అక్కడ చెదరియుండునుగదా, సగటున సరిపోవును” అని కొందరందురు. నాకు ఈ మాట సమ్మతము గాదు. బావులు విడివిడిగా ఎండవు. ఒకే గుట్ట ప్రక్కన, ఒకే కరువులో, ఒకేసారి ఎండును. పట్టికలో వాని సంఖ్యలును ప్రక్కప్రక్కనే యుండును, ఏలయన ఒకే ఏట త్రవ్వినవి. పదింటిలో మిగిలిన ఒక్కటి తక్కినవానికంటె లోతైనదో, చెరువు దగ్గరిదో అయియుండును. దాని నీరును వేరుగానే యుండును. ఖాళీలకును, మనము కొలువదలచిన గుణమునకును ఇట్లు చుట్టరికము ఏర్పడుచున్నది. అంగడి సరకుల పట్టికయైనను, గ్రంథాలయ పుస్తకముల పట్టికయైనను ఇదే కథ.

ఖాళీలకు మందు

అన్నిటికంటె సులభమైన మందు: ఖాళీ వచ్చినచో ఆ సంఖ్యను పారవేసి మరల తీయుట. పై ఊరిలో 6 వచ్చినది, బావి లేదు, పారవేయుము, మరొక సంఖ్యను తీయుము. ఇట్లు చేసినచో మిగిలిన పది బావులకును సరిగా 10లో 1 అవకాశము వచ్చును. సంఖ్యలలో సగము నిండియున్నవి గావున సగటున రెండు ప్రయత్నములలో పని యగును. నూటికి 90 నిండియున్నచో ఒకటికి కొంచెము పైన. ఒక్కొక్క ప్రయత్నము సూచికలో మూడు మెట్లే గనుక ఖర్చు అత్యల్పము. నూటికి ఒకటి మాత్రమే నిండియున్న పట్టికలో మాత్రము సగటున 100 మారులు తీయవలసివచ్చును. అట్టిచోట ఇది పనికిరాదు.

తీసినదానిని పారవేయుట ద్వారా న్యాయము సాధింపవచ్చునను సంగతి భారతీయ గణాంక శాస్త్రజ్ఞులకు చిరపరిచితము. 1931లో మహలనోబిస్ కలకత్తాలో స్థాపించిన భారత గణాంక సంస్థలో డి.బి. లాహిరి అను శాస్త్రజ్ఞుడుండెను. గ్రామములను వాని జనసంఖ్యకు అనుపాతముగా ఎన్నుకొనుటకు 1951లో ఆయన ఒక చక్కని ఉపాయము చెప్పెను. రెండు సంఖ్యలు తీయుము: మొదటిది ఏ గ్రామమో చెప్పును, రెండవది 1 నుండి అన్నిటికంటె పెద్ద గ్రామపు జనసంఖ్య వరకు నుండును. రెండవ సంఖ్య ఆ గ్రామపు జనసంఖ్యకు మించనిచో గ్రామమును స్వీకరింపుము. మించినచో రెండిటిని పారవేసి మరల మొదలుపెట్టుము. కూడికల పట్టికలు వేయకుండనే ప్రతి గ్రామమునకును తగిన వంతు అవకాశము వచ్చును. మన ఖాళీల సమస్యలో బావి యున్నచో 1, లేనిచో 0 అని పెట్టుకొన్నచో లాహిరి పద్ధతియే మన పద్ధతి యగును.

రెండవ మందు ఔరేపల్లివారు చేసిన పనియే: ముందు జాబితాను క్రొత్తగా వ్రాయుట. బావుల అసలు సంఖ్యలు ఎట్లున్నను, ప్రక్కన మరొక చిన్న పట్టికలో 1, 2, 3 అని ఎడములేకుండ వరుస సంఖ్యలు వేసి, ఒక్కొక్కదానికి ఎదురుగా బావి అసలు సంఖ్యను వ్రాయవలెను. యాదృచ్ఛిక సంఖ్యను ఈ క్రొత్త వరుసలోనుండి తీసినచో ఖాళీ ఎన్నడును తగులదు. మరి రేపు ఒక బావి ఎండినచో? జాబితానంతను తిరుగ వ్రాయనక్కరలేదు. జాబితా చివరనున్న బావిని తెచ్చి, ఎండిన బావి ఉండిన స్థానములో కూర్చుండబెట్టి, చివరి స్థానమును కొట్టివేసినచో చాలును. బడిలో మధ్య బల్లమీద చోటు ఖాళీయైనచో అందరిని జరుపకుండ చివరివానిని తెచ్చి కూర్చుండబెట్టినట్లు. ఒక్క మార్పుతో జాబితా మరల ఎడములేనిదగును. వెబ్‌సైటులకు నేను మెచ్చు పద్ధతి యిది. దీనికి కావలసినది కొంచెము శ్రద్ధ. బావులను చేర్చు చోటను, తీసివేయు చోటను, రెండు పట్టికలును ఒకేసారి మారునట్లు ప్రోగ్రాము వ్రాయవలెను.

మూడవది ప్రతి వరుసకు పుట్టినప్పుడే ఒక యాదృచ్ఛిక సంఖ్యను పచ్చబొట్టు వలె శాశ్వతముగా వేసి, దానికి సూచిక కట్టుట. ఒకేసారి ఒక పరిశీలనమునకు పది బావులు కావలసినచో, అన్నిటికంటె చిన్న పచ్చబొట్టు సంఖ్యలు గల పదింటిని తీసికొనిన చాలును, దోషము లేదు. కాని నిత్యము తీయుచుండుటకు “క్రొత్త సంఖ్యను తీసి దానికి పైనున్న మొదటి పచ్చబొట్టును తెమ్ము” అన్నచో పాత రోగమే మెల్లగా తిరిగి వచ్చును. యాదృచ్ఛికముగా చల్లిన గింజలు సమదూరమున పడవు. 10 లక్షల గింజలు చల్లినచో వానిలో అతి పెద్ద ఎడము సగటు ఎడమునకు సుమారు 14 రెట్లుండును. ఆ ఎడమునకు పైనున్న వరుస పచ్చబొట్టు మార్చునంతవరకు 14 రెట్లు హెచ్చుగా వచ్చుచునే యుండును. అయితే ఇక్కడ ఎడమునకును నీటి గుణమునకును చుట్టరికము లేదు గనుక హాని తక్కువ. తెలిసి వాడుకొనవచ్చును.

ఒక యాదృచ్ఛిక సంఖ్యను తీసి, అక్కడినుండి వరుసగా పదింటిని తెచ్చుకొను సోమరి పద్ధతి మరొకటి కలదు. ప్రక్కప్రక్క వరుసలు ఒకే ఊరివి, ఒకే దినమున ఎక్కించినవి అగును. పది పరీక్షలు చేసినను ఒక్క ఊరి సంగతియే తెలియును. 2016 జనవరిలో వెలువడిన పోస్ట్‌గ్రెస్ 9.5 కూర్పులో నమూనా తీయుటకే ప్రత్యేకముగా ఆజ్ఞ చేర్చబడెను. అందు రెండు మార్గములున్నవి. “బెర్నూలీ” అనునది ప్రతి వరుసకు వేరువేరుగా నాణెము ఎగురవేయును, అందుచే పట్టికనంతను చదువును. “సిస్టమ్” అనునది పుటలకు పుటలనే ఎన్నుకొని, ఎన్నికైన పుటలోని వరుసలన్నిటిని ఇచ్చును. త్వరగా ముగియును గాని పైన చెప్పిన ఇరుగుపొరుగు దోషము దానికి కలదు.

జాబితాయే లేనప్పుడు

ఇంతవరకు పట్టిక మన చేతిలో నున్నదనుకొంటిమి. ఎన్ని వరుసలున్నవో తెలియక, అవి ఒక్కొక్కటిగా మన ముందు నడచిపోవుచున్నచో? సూర్యాపేట వ్యవసాయ మార్కెట్టు ద్వారముకడ కోతల కాలమున వడ్ల బండ్లు, ట్రాక్టర్లు వచ్చుచునే యుండును. మద్దతు ధరకు వడ్లలో తేమ నూటికి 17 వంతులకు మించరాదు. ప్రొద్దు క్రుంకునాటికి ఎన్ని బండ్లు వచ్చునో ఎవరికి తెలియును? అయినను ఆ దినము వచ్చిన బండ్లన్నిటికిని సమానావకాశ మిచ్చి ఒక బండిని ఎన్నుకొనవలెను. వెళ్లిపోయినదానిని వెనుకకు పిలువరాదు, కాని గుప్పెడు గింజలు తీసి ఉంచుకొనవచ్చును.

ఉపాయము ఇట్లున్నది. మొదటి బండి గింజలను సంచిలో వేసికొనుము. రెండవ బండి వచ్చినప్పుడు 2లో 1 అవకాశముతో పాత గింజలు పారవేసి క్రొత్తవి వేసికొనుము. మూడవదానికి 3లో 1, నాలుగవదానికి 4లో 1, నూరవదానికి 100లో 1. మొదటి బండి గింజలు మూడు బండ్ల తరువాతను సంచిలో నుండుటకు సంభావ్యత ఎంత? రెండవ బండి వద్ద నిలుచుటకు 1/2. మూడవదాని వద్ద నిలుచుటకు 2/3. రెండిటి లబ్ధము 1/3. రెండవ బండికి 1/2 × 2/3, అదియు 1/3. మూడవదానికి 1/3. ఎప్పుడు ద్వారము మూసినను అంతవరకు వచ్చిన బండ్లన్నిటికి సమానావకాశమే. పది సంచులు కావలసినచో మొదటి పది బండ్లనుండి నింపి, ఆ తరువాత వచ్చు ప్రతి బండిని, అది ఎన్నవదో ఆ సంఖ్యలో 10 వంతుల అవకాశముతో స్వీకరించి, పాత సంచులలో ఏదో ఒకదానిని యాదృచ్ఛికముగా ఖాళీ చేయవలెను. ఈ ఉపాయమును డొనాల్డ్ నూత్ తన సుప్రసిద్ధ గ్రంథములో అలన్ వాటర్మన్‌కు ఆపాదించెను. ప్రతి బండికిని పాచిక వేయకుండ, ఎన్ని బండ్లను వదలివేయవచ్చునో ముందే లెక్కగట్టు మార్గమును 1985లో జెఫ్రీ విటర్ చూపెను. పట్టికలోని వరుసలను ఎట్లును ఒకసారి చదువుచున్న ప్రోగ్రాములకు ఇది ఉచితముగా దొరకు నమూనా.

యాదృచ్ఛిక సంఖ్యలు ఎక్కడినుండి వచ్చుననునది వేరొక వ్యాసమునకు తగిన విషయము. 1927లో టిప్పెట్ అను ఆంగ్లేయుడు జనాభా లెక్కల పుస్తకములనుండి 41,600 అంకెలను ఏరి పుస్తకముగా అచ్చువేసెను. కంప్యూటరు ఒక బీజసంఖ్యతో మొదలుపెట్టి గుణకారములతో సంఖ్యలను పుట్టించును. అదే బీజమునుండి అవే సంఖ్యలు మరల మరల వచ్చును. ఇది లోపమని తోచును గాని, పదిమంది యెదుట పాచికలు వేసి బీజమును నిర్ణయించి ప్రకటించినచో, ఏ బావులు ఎన్నికైనవో ఎవరైనను తమ ఇంట మరల లెక్కగట్టి సరిచూచుకొనగలరు. ఎన్నుకొన్నవానిపై అనుమానము కలిగినప్పుడు ఇది మంచి సాక్ష్యము.

ఖాళీల సంగతిని తరగతిలో కంప్యూటరు లేకుండనే పరీక్షింపవచ్చును. 1 నుండి 20 వరకు సంఖ్యలు వ్రాసిన 20 చిట్టీలను కడవలో వేయుడు. నల్లబల్లపై మిగిలిన పది బావుల సంఖ్యలను వ్రాయుడు. పిల్లలు ఒక్కొక్కరు వచ్చి చిట్టీ తీసి, సంఖ్య చదివి, తిరిగి కడవలో వేసి కుదుపవలెను. బావి లేనిచో పైనున్న మొదటి బావికి గీత పెట్టవలెను. 40 మంది గల తరగతిలో ఒక్కొక్కరు అయిదు మారులు తీసినచో 200 గీతలగును. న్యాయము ప్రకారము ఒక్కొక్క బావికి 20 గీతలు రావలెను. 16వ బావి ఎదుట 110 ప్రాంతమున వచ్చును. తరువాత ఖాళీ వచ్చినప్పుడు గీత పెట్టక మరల తీయుచు మరి 200 గీతలు నింపి, రెండు వరుసలను ప్రక్కప్రక్కన ఉంచి చూడుడు. రెండవమారు 16వ బావికి సరిగా 20 రాకపోవచ్చును. 14 రావచ్చును, 27 రావచ్చును. ఏలనో పిల్లలు తప్పక అడుగుదురు. అది సంభావ్యత పాఠమునకు మంచి ఆరంభము.